అనాథ పిల్లల ఇంటికి కంపెనీ నిధులతో అన్నం: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

ఒక ఆగస్టు 15న బాలల ఇల్లు ఒకదానికి వెళ్లాను. మధ్యాహ్నంలోగా మూడు కంపెనీల వాళ్లు వచ్చారు. ముగ్గురూ తెచ్చింది బిర్యానీయే. మొదటి బిర్యానీ కడుపునిండా తిన్న పిల్లలు, రెండో కంపెనీ ఫొటోల కోసం మళ్లీ విస్తళ్ల ముందు కూర్చున్నారు. మూడో కంపెనీ గిన్నెల మూత తీసేసరికి సాయంత్రమైంది. రెండు వారాల తర్వాత ఒక మామూలు మంగళవారం అదే ఇంటికి వెళ్లాను. ఆ పూట అన్నం, పలుచటి చారు. స్టోరు గదిలో బియ్యం బస్తాలు కిటికీ దాకా పేర్చి ఉన్నాయి. అడుగు వరసకు పురుగు పట్టింది. కందిపప్పు డబ్బాలో గరిటెడు పప్పు మిగిలింది. "బియ్యం అందరూ ఇస్తారండీ, కూరగాయల కొట్టు బాకీ ఎవరూ తీర్చరు" అన్నారు వార్డెన్ గారు.

కంపెనీలో సామాజిక బాధ్యత నిధులు చూసేవాళ్లకు, ఆ నిధుల కోసం దరఖాస్తు పెట్టే ఇళ్ల నిర్వాహకులకు ఈ మార్గదర్శి పనికొస్తుంది. నేను చెప్పబోయేదంతా ఆ వార్డెన్ గారి మాట చుట్టూనే తిరుగుతుంది.

మొదటి మెట్టు: ఆ ఇల్లు చట్టబద్ధమైనదేనా?

అన్నం గురించి ఆలోచించే ముందు కాగితాలు చూడాలి. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టరు కావాలి. ప్రభుత్వానిదైనా, ట్రస్టుదైనా, మఠానిదైనా మినహాయింపు లేదు. ఆ రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 42వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సర్టిఫికెట్ జిరాక్సు తీసుకుని ఫైల్లో పెట్టుకుంటే సరిపోదు. అందులో ఎంతమంది పిల్లలకు అనుమతి ఉందో చూడండి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. దొరికిన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలన్నది చట్టం. కాబట్టి ప్రతి బిడ్డకూ ఆ సమితి ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వులు ఎన్ని, పిల్లలు ఎందరు అన్న రెండు అంకెలు కలవకపోతే అక్కడే ఆగండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి ఆ ఇంటి గురించి అడగండి. తనిఖీ నివేదికలు వాళ్ల దగ్గరే ఉంటాయి. రిజిస్ట్రేషన్ లేని ఇల్లని తేలితే నిశ్శబ్దంగా తప్పుకోవద్దు, ఆ విభాగానికి గానీ 1098 (పిల్లల సహాయ ఫోను నంబరు)కి గానీ చెప్పండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, అన్నదానమే ఎరగా మారే ప్రమాదం ఉంది. దాతలు ఎక్కువగా వచ్చే ఇంటికి పిల్లలు కూడా ఎక్కువగా కావాలి. పేద ఇళ్లకు వెళ్లి "మేం చదివిస్తాం, మూడు పూటలా పెడతాం" అని తల్లిని ఒప్పించి బిడ్డను తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. 'అనాథ' అని బోర్డు మీద రాసిన ఇళ్లలో తల్లో తండ్రో బతికి ఉన్న పిల్లలు కనిపించడం మామూలే. చట్టం దృష్టిలో సంస్థ చివరి దారి, కుటుంబమే మొదటిది. మన డబ్బు ఈ వరసను తలకిందులు చేయకూడదు.

ఇంటికి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడండి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం లాభం కోసం నడిచే వంటశాలనూ, లాభం ఆశించని వంటశాలనూ ఒకే గాటన కడుతుంది. ఆ రిజిస్ట్రేషన్ నంబరులో 14 అంకెలు ఉంటాయి.

రెండో మెట్టు: ఒక రోజంతా వంటింట్లో కూర్చోండి

ఈ మెట్టు దాటేసినవాళ్లే బియ్యం బస్తాలు తెస్తారు. ఉదయం ఐదున్నరకు వెళ్లి రాత్రి భోజనాలయ్యే దాకా ఉండండి. వంటమనిషితో మాట్లాడండి. గత మూడు నెలల స్టాకు రిజిస్టరు, పాలవాడి పుస్తకం, గ్యాసు బిల్లులు చూడండి. ఏ తేదీల్లో దాతలు వచ్చారో కేలండరు మీద గుర్తుపెట్టండి. పుట్టినరోజులు, పండుగలు, ఆదివారాలు నిండిపోయి, మధ్యలో వారాలకు వారాలు ఖాళీగా కనిపిస్తాయి. మీ పథకం వెళ్లాల్సింది ఆ ఖాళీల్లోకి.

ఏది ఎంత ఉండాలో తేల్చుకోవడానికి 2016 బాలల న్యాయ నమూనా నియమాల్లో కొలతలు ఉన్నాయి. అల్పాహారంతో కలిపి రోజుకు నాలుగు పూటలు పెట్టాలి. ఒక్కో బిడ్డకు రోజుకు బియ్యం, గోధుమలు, రాగులు, జొన్నలు కలిపి 600 గ్రాములు, పప్పు ధాన్యాలు 120 గ్రాములు, ఆకుకూరలు 100, ఇతర కూరగాయలు 130, పెరుగు లేదా మజ్జిగ 100, నూనె 25 గ్రాములు, ఉదయం పాలు 150 మిల్లీలీటర్లు. మాంసాహారులకు వారానికోసారి కోడికూర, లేదంటే నాలుగు రోజులు గుడ్లు. శాకాహారులకు బెల్లం, వేరుశనగ పప్పు లేదా పనీరు.

ఈ కొలతలను యాభై మంది పిల్లలతో హెచ్చించి చూడండి. రోజుకు పప్పు 6 కిలోలు, ఆకుకూర 5 కిలోలు, మిగతా కూరగాయలు ఆరున్నర కిలోలు, పాలు ఏడున్నర లీటర్లు. వారానికి గుడ్లు 200. నెలకు పప్పు 180 కిలోలు, పాలు 225 లీటర్లు. ఈ అంకెల పక్కన ఆ ఇంటి రిజిస్టరులోని అంకెలు రాయండి. దాదాపు ప్రతిసారీ బియ్యం గడి నిండుగా ఉంటుంది. పప్పు సగం, పాలు పావు, ఆకుకూర "అప్పుడప్పుడు". మీ పథకం పూడ్చాల్సిన లోటు అదే. (ఆరేళ్ల బిడ్డ 600 గ్రాముల ధాన్యం తినలేడు, పదిహేనేళ్ల కుర్రాడికి అది చాలదు. అందరికీ సగటు తీసి వండే వంటమనిషికి ఇది మనకంటే బాగా తెలుసు.)

లోటు కూరలోనే ఉండాలని లేదు. ఒకచోట సరుకులన్నీ ఉన్నా పిల్లలు సరిగా తినడం లేదు. ఆరా తీస్తే వంటమనిషికి నాలుగు నెలలుగా జీతం లేదు, ఆవిడ మధ్యాహ్నమే రాత్రికీ కలిపి వండి వెళ్లిపోతోంది. ఆ ఇంటికి కావాల్సింది వంటమనిషి జీతం. మరోచోట ఫ్రిజ్ లేక పాలు మానేశారు. గ్యాసు, నీటి ఫిల్టరు, మూతలున్న డబ్బాలు, ఎలుకలు దూరని స్టోరు తలుపు కూడా అన్నదానం కిందికే వస్తాయి. కాకపోతే వీటి పక్కన నిలబడి ఎవరూ ఫొటో దిగరు.

రక్తహీనత సంగతి విడిగా చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అందువల్ల మీరు నిధులిచ్చే ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే రక్తపరీక్ష పథకంలో భాగం కావాలి. ఆకుకూర, పప్పు పెట్టడంతో పాటు తోడుగా నిమ్మకాయో ఉసిరో ఉంటే ఇనుము ఒంటికి పడుతుంది. భోజనం కాగానే టీ ఇస్తే ఆ ఇనుము సరిగా పట్టదు. టీని ఒక గంట వెనక్కి జరపడానికి రూపాయి ఖర్చు లేదు. ప్రభుత్వం ఇచ్చే వారం వారం ఐరన్ మాత్రలు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న వేసే నులిపురుగుల మాత్రలు ఈ ఇంటి పిల్లలకు అందుతున్నాయో లేదో కూడా అడగండి. కడుపులో నులిపురుగులుంటే మీరు పెట్టిన తిండిలో కొంత వాటికే పోతుంది.

మూడో మెట్టు: డబ్బును ఏ దారిలో పంపాలి

కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేరినా, దాటినా ఆ కంపెనీ గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఈ సొమ్ము ఏ పనులకు వాడవచ్చో చెప్పే ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఆకలి, పోషకాహార లోపాల నివారణ ఒక అంశం, అనాథలకు ఇళ్లు, వసతి గృహాల ఏర్పాటు మరో అంశం. మీ పథకం దేని కిందికి వస్తుందో బోర్డు తీర్మానంలో స్పష్టంగా రాయించండి.

ఈ కింది విషయాల్లో చాలామంది తడబడతారు.

మీ కంపెనీ బిస్కెట్లో, నూనెలో తయారుచేస్తుందనుకోండి. గోడౌన్లో ఉన్న సరుకు పంపి, దాని ధర సామాజిక బాధ్యత ఖర్చుగా చూపడం కుదరదు. వస్తు రూపంలో ఇచ్చినదానికి వెలకట్టి లెక్కలో వేయకూడదని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021లో వివరణ ఇచ్చింది. ఉద్యోగులు వడ్డించిన గంటలకు కూడా వెలకట్టలేరు. ఇవ్వవద్దని కాదు, ఇవ్వండి, కానీ 2 శాతంలో కలపవద్దు.

నేరుగా కాకుండా సంస్థ ద్వారా చేస్తే ఆ సంస్థకు పన్ను మినహాయింపు, దాతలకు పన్ను రాయితీ ఇప్పించే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు (1961 చట్టంలో 12ఏ, 80జీ), ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ సంస్థ కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు సీఎస్‌ఆర్‌–1 (సీఎస్‌ఆర్ అంటే కంపెనీ సామాజిక బాధ్యత) ఫారం దాఖలు చేసి నంబరు తీసుకోవడం తప్పనిసరి. చిన్న ఇళ్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. వాటిని వదిలేయకుండా ఒక ఆడిటరును పెట్టి ఆ కాగితాలు పూర్తి చేయించిన కంపెనీలూ ఉన్నాయి. ఆ ఏడాది ఆ ఇంటికి అంతకంటే పనికొచ్చిన దానం మరొకటి ఉండదు.

ఫ్రిజ్, గ్రైండరు, సౌర పలకలు వంటివి కొంటే అవి కంపెనీ పేరున ఉండకూడదు. సంస్థ పేరున బిల్లు వేయించండి. పరిపాలన ఖర్చులు ఏడాది మొత్తం సామాజిక బాధ్యత వ్యయంలో 5 శాతం దాటకూడదు. ప్రచార లాభం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్పులు ఈ లెక్కలోకి రావు. కాబట్టి ఇంటి గోడ మీద మీ బ్రాండు బోర్డుకు పెట్టే ఖర్చు ఈ నిధిలోంచి తీయవద్దు.

ఇక మార్చి జబ్బు ఒకటుంది. ఫిబ్రవరి దాకా ఫైలు కదలదు, మార్చి 25న ఏడాది డబ్బంతా ఒక్కసారి పడుతుంది. నిర్వాహకులు కంగారుగా పది నెలల బియ్యం కొనేస్తారు. మొదట్లో చెప్పిన పురుగు బస్తాలు అలాగే పుడతాయి. దీనికి చట్టంలోనే మార్గం ఉంది. పథకాన్ని కొనసాగే ప్రాజెక్టుగా బోర్డు ఆమోదిస్తే, మొదలైన సంవత్సరం కాక మరో మూడేళ్ల దాకా నడపవచ్చు. ఖర్చు కాని సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లోగా ప్రత్యేక ఖాతాకు మార్చి, మూడు ఆర్థిక సంవత్సరాల్లోగా వాడుకోవచ్చు. పిల్లల అన్నానికి ఇదే తగిన పద్ధతి.

నాలుగో మెట్టు: ఒప్పందంలో ఏం రాయాలి

వకీలు రాసిన ఇరవై పేజీల్లో పని చేసేవి నాలుగైదు వాక్యాలే ఉంటాయి. మొదటిది, మీరిచ్చేది దేనికి అన్నది. "పోషకాహారానికి" అని కాకుండా "వారానికి 200 గుడ్లు, రోజుకు ఏడున్నర లీటర్ల పాలు, 5 కిలోల ఆకుకూరలు, ఒక వంటమనిషి జీతం" అని రాయండి. రెండోది, పిల్లల సంఖ్య మారితే లెక్క ఎలా మారుతుందన్నది. మూడోది, మూడు నెలలకోసారి ముందుగానే డబ్బు విడుదల చేస్తామన్న హామీ. బిల్లులు పెట్టాక ఇస్తామంటే, చేతిలో పైసా లేని ఇల్లు అప్పు చేసి కొనాలి.

నాలుగోది ఇతర ఆదాయం వెల్లడి. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య గ్రాంటు అందే ఇళ్లకు నెలకు ఒక్కో బిడ్డకు 3,000 రూపాయలు వస్తాయి. అంటే తిండి, బట్టలు, సబ్బు అన్నీ కలిపి రోజుకు వంద. అది చాలదు కాబట్టే మీ అవసరం ఉంది. కానీ ఒకే పాల బిల్లును ప్రభుత్వానికీ మీకూ మరో దాతకూ చూపకుండా, మీ డబ్బుతో చెల్లించిన ప్రతి బిల్లు మీదా కంపెనీ పేరుతో ముద్ర వేయించండి. పాతకాలపు పద్ధతే, కానీ దీన్ని మించింది నేను చూడలేదు.

ఐదోది ధరల పెరుగుదల. టమాటా ధర ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందని నమ్మే బడ్జెట్లు ఆఫీసుల్లోనే తయారవుతాయి. పదో పదిహేనో శాతం వెసులుబాటు పెట్టండి. ఒక కూర బదులు మరో కూర కొనే స్వేచ్ఛ వంటింటికే వదిలేయండి.

ఐదో మెట్టు: వండిన అన్నం పంపేటప్పుడు

సరుకులివ్వడం కంటే వండిన భోజనం పంపడం పది రెట్లు జాగ్రత్త కోరే పని. కంపెనీ క్యాంటీన్లో మిగిలింది పంపుదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మిగులు ఆహార సేకరణ, పంపిణీకి 2019లో నిబంధనలు వచ్చి 2020 జులై 1 నుంచి అమలయ్యాయి. వేడిగా ఇచ్చేది 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీలు లేదా అంతకు తక్కువలో ఉండాలి. ఆ రెండింటి మధ్యే క్రిములు వేగంగా పెరుగుతాయి. పదార్థం పేరు, ఎక్కడ వండారు, ఎప్పుడు వండారు, ఎప్పటిలోగా తినాలి, శాకాహారమా మాంసాహారమా అన్నవి గిన్నె మీద రాసి ఉండాలి.

అన్నం విషయంలో మనకో ధీమా ఉంది: "మళ్లీ వేడి చేస్తే సరి." అది తప్పు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి విషం తయారుచేస్తుంది. వాంతులు తెప్పించే ఆ విషం వేడికి పోదు. అందుకే నా సలహా ఒక్కటే. ప్లేట్లలోనో, బఫే బల్ల మీదో ఉన్నది ఎంత బాగున్నా పంపవద్దు. వంటగదిలో వడ్డనకు తీయకుండా వేడిగా ఉన్నదైతేనే, రెండు గంటల్లో పిల్లల కంచంలో పడేట్టయితేనే పంపండి. వేడి పరీక్షించే థర్మామీటరు ఒకటి కొని డ్రైవరు చేతికివ్వండి. చేరగానే కొలిచి, అంకెను పుస్తకంలో రాయించండి. వడ్డించడానికి అరగంట ముందు ఇంటి పెద్దలొకరు తిని చూడాలి. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పదకొండింటికి ఫోను చేసి "వంద మందికి భోజనం ఉంది, పంపమంటారా" అని అడిగేవాళ్లకు "వద్దండీ" అని చెప్పే హక్కు వార్డెనుకు ఉందని ఒప్పందంలోనే రాయండి.

నిల్వ విషయంలో పట్టుదల ఎందుకో చెప్పడానికి ఒక సంఘటన చాలు. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. మీరు నిధులిచ్చే ఇంట్లో వంటనూనె డబ్బా పక్కన ఫినాయిలు గానీ, చీమల మందు గానీ కనిపిస్తే ఆ రోజు మీరు చేయాల్సిన మొదటి పని వాటికి వేరే తాళం గది చూపించడం.

ఆరో మెట్టు: ఉద్యోగులు వెళ్లే రోజు

వెళ్లకూడదని అనను. కానీ పిల్లలను వరసగా నిలబెట్టి, చేతులు కట్టించి, "థాంక్యూ అంకుల్" అనిపించి, పాట పాడించాకే పొట్లాలు విప్పే పద్ధతి మానండి. ఆకలితో ఉన్న బిడ్డకు పావుగంట ఉపన్యాసం వినిపించడం దానమెలా అవుతుంది? భోజనం వేళకు కాకుండా సాయంత్రం నాలుగింటికి వెళ్లండి. క్రికెట్ ఆడండి, లెక్కలు చెప్పండి, కూరగాయలు తరగండి. "మీ అమ్మానాన్నలు ఏమయ్యారు?" అని అడగవద్దు.

ఫొటోల సంగతి చట్టంలోనే ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే వివరాలు ప్రచురించడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వార్షిక నివేదికలో వేయడానికి ముఖాలే కావాలా? గుడ్ల ట్రేలు, కొత్త పొయ్యి, పిల్లలు పెంచిన తోటకూర మడి, వెనకనుంచి తీసిన పంక్తి చాలు.

ఏడో మెట్టు: నెలనెలా చూసుకోవడం

నిఘాకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మూడు నెలలకోసారి పిల్లల బరువు, ఎత్తు కొలిచిన పుస్తకం, నెలకోసారి స్టాకు రిజిస్టరు, చెప్పకుండా వెళ్లిన రోజు మెనూ బోర్డు మీద రాసిందీ కంచంలో ఉన్నదీ పోల్చి చూడటం, ఈ మూడూ చాలు. చెత్తబుట్ట కూడా చూడండి. ఉప్మా రోజున బుట్ట నిండితే తప్పు పిల్లలది కాదు. చట్టం ప్రకారం ప్రతి ఇంట్లో వయసులవారీగా పిల్లల కమిటీలు, సూచనల పెట్టె ఉండాలి. మెనూ మార్చే ముందు ఆ కమిటీతో కూర్చోండి. ఒక ఇంట్లో పిల్లలు అడిగింది చికెన్ కాదు, పచ్చడి. రోజూ ఒకే రుచి తిని విసిగిపోయారు.

గడచిన మూడేళ్లలో కంపెనీ ఖర్చు చేయాల్సిన సామాజిక బాధ్యత సొమ్ము సగటున 10 కోట్ల రూపాయలు లేదా అంతకు పైబడి ఉండి, ప్రాజెక్టు వ్యయం కోటి లేదా అంతకు మించితే స్వతంత్ర సంస్థతో ప్రభావ అంచనా చేయించడం తప్పనిసరి. చిన్న పథకాలకు ఆ నిర్బంధం లేదు, బరువుల పుస్తకమే మీ నివేదిక.

ఎనిమిదో మెట్టు: ఆపేటప్పుడు

కంపెనీ లాభాలు తగ్గుతాయి, బోర్డు మారుతుంది, దృష్టి మరో పథకం మీదికి మళ్లుతుంది. ఆపడం తప్పు కాదు, చెప్పకుండా ఆపడమే తప్పు. ఆరు నెలల ముందు రాతపూర్వకంగా తెలపండి. చివరి రెండు త్రైమాసికాల్లో మొత్తాన్ని మూడో వంతు చొప్పున తగ్గిస్తూ, ఆ మేరకు మరో దాతనో, ప్రభుత్వ గ్రాంటునో కుదర్చడంలో చేయందించండి. పాలవాడికి, కూరగాయల కొట్టుకు బాకీ లేకుండా లెక్క ముగించండి.

ఆ ఆరు నెలల్లోనే బాలల పరిరక్షణ విభాగంతో కూర్చుని మరో పని చేయవచ్చు. ఇంట్లో ఉన్న పిల్లల్లో తల్లో, అమ్మమ్మో, బాబాయో ఉండి, తిండికీ చదువుకూ జరగకే ఇక్కడికి వచ్చినవాళ్లు ఎందరో అడగండి. అలాంటి బిడ్డ ఇంటికి తిరిగి వెళ్లేందుకు మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. దరఖాస్తుకు కావాల్సిన ఆదాయ ధ్రువీకరణ పత్రం, బిడ్డ పేరున బ్యాంకు ఖాతా సిద్ధం చేయించడానికి మీ కంపెనీ మనిషి ఒకరు రెండు రోజులు ఆ కుటుంబంతో పాటు కార్యాలయాల చుట్టూ తిరిగితే, వచ్చే నెల ఆ బాలల ఇంటి సరుకుల ఇండెంటులో ఒక బిడ్డకు పాలు, గుడ్లు తగ్గించి రాయాల్సి వస్తుంది.